అస్థికల వనం: చెట్టు మొదట్లో బూడిద పోస్తే సరిపోదు

దహనం జరిగిన మూడో రోజు శ్మశానంలో ఒక కుండ చేతికిస్తారు. దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్న చర్చ హైదరాబాద్‌లో దాదాపు ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకసారి జరిగే ఉంటుంది. పాలమూరు వైపు మూలాలున్నవాళ్లు బీచుపల్లి అంటారు. నల్లగొండ వాళ్లు మూసీ వెళ్లి కృష్ణలో కలిసే వాడపల్లి అంటారు. ఉత్తర తెలంగాణ వాళ్లకు బాసర, ధర్మపురి, కాళేశ్వరం ఉండనే ఉన్నాయి. పిల్లలు విదేశాల నుంచి రావాల్సి ఉంటే కుండ కొన్నాళ్లు శ్మశానవాటిక లాకర్లోనే ఉంటుంది. ఎండాకాలమైతే అంత దూరం వెళ్లాక మోకాలి లోతు నీళ్లలో, ముందు వచ్చినవాళ్లు వదిలిన గుడ్డలు, ప్లాస్టిక్ కవర్ల మధ్య నిలబడాల్సి వస్తుంది.

అందుకే ఈమధ్య కొన్ని ఇళ్లలో మరో మాట వినిపిస్తోంది. "నాన్నకు చెట్లంటే ప్రాణం కదా, నదిదాకా ఎందుకు, ఒక చెట్టు కింద మట్టిలో కలిపేద్దాం" అని. అనడం తేలికే. పనిలోకి దిగితే మాత్రం ఎన్నో ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఎదురొస్తాయి. బూడిద మట్టిని ఏం చేస్తుంది? ధర్మశాస్త్రం ఒప్పుకుంటుందా? ఆ స్థలం ఎవరిది, ఎన్నాళ్లు ఉంటుంది? పదిమంది కలిసి అలాంటి స్థలం, అంటే అస్థికల వనం, పెట్టుకుంటే అక్కడ పిట్టలూ పురుగులూ నిజంగా బతుకుతాయా? వీటిని విడదీసి చూశాక నాకు అర్థమైంది ఇది: అస్థికలు చెట్టుకు ఎరువుగా చేసే మేలు దాదాపు ఏమీ లేదు. అయితే మనవాళ్లు కలిసిన నేల అంటే మనకు ఒక గౌరవం ఉంటుంది, ఆ గౌరవం వల్ల నాలుగెకరాల చెలక నాలుగు తరాలపాటు వెంచర్‌గా మారకుండా నిలిస్తే జీవజాలానికి జరిగే మేలు చాలా పెద్దది. అస్థికల వనాన్ని ఈ లెక్కతోనే కట్టుకోవాలి.

వేరే దేశాల్లో ఏం చేశారు

బ్రిటన్‌లో కార్లైల్ పట్టణ శ్మశానంలో 1993లో కెన్ వెస్ట్ అనే అధికారి చొరవతో మొదటి సహజ ఖనన స్థలం మొదలైంది. రాతి సమాధులు ఉండవు, శవానికి రసాయనాలు పూయరు, సమాధి మీద చెట్లూ గడ్డీ పెరుగుతాయి. 1998లో అమెరికాలోని దక్షిణ కరొలినాలో బిల్లీ క్యాంప్‌బెల్ అనే డాక్టర్ రామ్సే క్రీక్ దగ్గర అడవిని కాపాడటమే లక్ష్యంగా ఇలాంటి స్థలం తెరిచారు. ఈ రెండూ ప్రధానంగా శరీరాన్ని పూడ్చే పద్ధతికి సంబంధించినవి.

దహనం చేసుకునే మనకు దగ్గరగా ఉండేవి జపాన్, జర్మనీ అనుభవాలు. జపాన్‌లో ఇచినోసెకి దగ్గర ఒక బౌద్ధాలయం 1999లో 'జుమొకుసో' మొదలుపెట్టింది. అస్థికలను నేరుగా మట్టిలో పెట్టి, గుర్తుగా ఆ ప్రాంతపు పొదనే నాటుతారు. పట్టించుకునేవాళ్లు లేక పాడైన అడవిని బాగుచేయడం కూడా అందులో భాగం. జర్మనీలో 2001లో కాసెల్ నగరం దగ్గర రైన్‌హార్డ్స్‌వాల్డ్ అడవిలో మొదటి ఫ్రీడ్‌వాల్డ్ వచ్చింది. అక్కడ మట్టిలో కరిగిపోయే కలశాన్ని పెద్ద చెట్టు వేళ్ల దగ్గర ఉంచుతారు. స్వీడన్ స్మృతివనాలు ఇంకొంచెం ముందుకెళ్లాయి. అక్కడ ఏ ఒక్కరికీ విడిగా రాయి ఉండదు, అస్థికలు సరిగ్గా ఎక్కడ ఉంచారో కుటుంబానికి కూడా చెప్పరు. వనమంతా అందరిదీ అన్న భావన. మనవాళ్లు దీనికి వెంటనే ఒప్పుకుంటారని నేననుకోను. ఆ మాటకు తర్వాత వస్తాను.

బూడిదలో ఏముంది

పెద్దవాళ్ల శరీరం కాలాక మిగిలేది సుమారు 2 నుంచి 3 కిలోలు. అందులో ఎక్కువ భాగం ఎముకల్లో ఉండే ఖనిజం, అంటే కాల్షియం ఫాస్ఫేట్. మొక్కకు ముఖ్యంగా కావాల్సిన నత్రజని మంటలోనే పోతుంది. సోడియం లవణాలు మాత్రం మిగులుతాయి. పైగా ఆ బూడిదకు క్షార గుణం చాలా ఎక్కువ, పీహెచ్ 11, 12 దాకా ఉంటుంది. ఇంచుమించు సున్నపు తేట అంత ఘాటు అన్నమాట. కట్టెల చితి అయితే 400 నుంచి 500 కిలోల కట్టె కాలుతుంది కాబట్టి కట్టె బూడిద కూడా కొంత కలిసి వస్తుంది. అదీ క్షారమే.

భాస్వరం ఉంది కదా, అది ఎరువే కదా అని చాలామంది అడుగుతారు. ఉన్న మాట నిజమే కానీ ఆ భాస్వరం కాల్షియంతో బిగుసుకుని ఉంటుంది, క్షార గుణమున్న చోట మొక్క వేళ్లకు అందదు. కాబట్టి కొత్తగా నాటిన మొక్క గుంతలో కుండ మొత్తం కుమ్మరిస్తే జరిగేది మనం ఊహించుకున్నదానికి సరిగ్గా ఉల్టా. లవణాలు లేత వేళ్లను దెబ్బతీస్తాయి, వాన పడ్డాక బూడిద గట్టి పెళ్లలా బిగుస్తుంది, మొక్క ఎండిపోతుంది. నాన్న పేరున నాటిన మొక్క ఎండిపోవడం ఆ ఇంటికి రెండో దుఃఖం. ఈ ఒక్క కారణానికైనా సంగతి అందరికీ తెలియాలి.

విరుగుడు కష్టమైనదేం కాదు. లేత మొక్క దగ్గర కాకుండా, ఎదిగిన చెట్టు నీడలో, మొదలుకు దూరంగా చోటు చూసుకోవాలి. అస్థికలను ఒకేచోట గుట్టగా పోయకుండా, బాగా మాగిన కంపోస్టు, అక్కడి మట్టి ఎక్కువగా కలిపి ఒక గజం మేర పరచాలి. మరీ లోతు వద్దు. సూక్ష్మజీవులు, వానపాములు ఎక్కువగా ఉండేది పై జానెడు, రెండు జానల మట్టిలోనే. వానాకాలం మొదట్లో అయితే మంచిది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఆ వానకు లవణాలు కొంతవరకు కిందికి దిగిపోతాయి. నీరు త్వరగా ఇంకే ఎర్ర చెలక నేలలు దీనికి బాగుంటాయి. రేగడి నేలలకు ముందే క్షార గుణం ఉంటుంది, నీరు ఒకపట్టాన ఇంకదు, కాబట్టి అవి వద్దు.

విద్యుత్, గ్యాస్ దహనవాటికల్లోనైనా, కట్టెల చితి మీదైనా స్టీలు ప్లేట్లు, స్క్రూలు, కాలని నాణేలు మిగిలితే ముందే ఏరేయాలి. ఎముక ముక్కల సంగతి కూడా చెప్పుకోవాలి. పశ్చిమ దేశాల్లో వాటిని యంత్రంతో పొడిచేసి ఇస్తారు. మన దగ్గర అస్థి సంచయనంలో ముక్కలుగానే ఏరుకుంటాం. అవి ఏళ్లకేళ్లు ముక్కలుగానే ఉంటాయి. "మట్టిలో కలిసిపోయాడు" అనుకోవడం మనసుకు ఊరటే, కానీ నేల తన పని తాపీగా చేస్తుందని తెలిసి ఉంటే మంచిది.

ఇక కుండ. మట్టికుండే కదా, మట్టిలో కలిసిపోతుందనుకుంటాం. కాల్చిన కుండ కరగదు. దానికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో, మౌలాలి దగ్గర ఇనుపయుగం నాటి సమాధులు బయటపడ్డాయి. పల్లెల్లో వాటిని రాకాసి గూళ్లు అంటారు. రెండు వేల ఏళ్లకు పైబడిన ఆ సమాధుల్లో కుండలు ఇంకా కుండలుగానే దొరికాయి. కాబట్టి వనంలో కుండ పూడ్చకూడదు. నూలు గుడ్డ చాలు, మోదుగాకు దొప్ప అయితే ఇంకా మంచిది. పెళ్లి భోజనాలకు విస్తర్లు కుట్టిన ఆకే, ఒక వానాకాలంలో మట్టయిపోతుంది.

ధర్మశాస్త్రం ఏమంటుంది

నదిలో కలపకపోతే దోషమా అన్నది పెద్దవాళ్లకు నిజమైన టెన్షన్. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. తెలియాల్సింది ఏమిటంటే, అస్థికలను భూమిలో ఉంచడం మన సంప్రదాయానికి కొత్త కాదు. ఆశ్వలాయన గృహ్యసూత్రం నాలుగో అధ్యాయంలో అస్థి సంచయనం గురించి ఉంది. ఎముకలను పాదాల నుంచి మొదలుపెట్టి తల వరకు ఏరి, కలశంలో పెట్టి, వాన నీరు తప్ప నలుదిక్కుల నుంచి వేరే నీళ్లు వచ్చి చేరని చోట గుంతలో ఉంచమంటుంది. అప్పుడు చదవమన్న మంత్రం ఋగ్వేదం పదో మండలంలోనిది: "ఉప సర్ప మాతరం భూమిమ్". తల్లి అయిన భూమి దగ్గరికి చేరమని చనిపోయినవారితో చెప్పే మాట అది. నీరు నిలవని చోటు చూడమన్న ఆ సూచన ఈనాటి నేల శాస్త్రానికి కూడా సరిపోతుంది. అస్థికలున్న చోట వరద కాలువ పారితే లవణాలూ బూడిదా కొట్టుకెళ్లి కింది చెరువులో చేరతాయి మరి.

బౌద్ధం సంగతి చెప్పనే అక్కర్లేదు. బుద్ధుడి ధాతువులను, అంటే శరీర అవశేషాలను, స్తూపాల్లో భూమికి అప్పగించిన సంప్రదాయానికి తెలుగునేల ఒక పెద్ద కేంద్రం. భట్టిప్రోలు స్తూపంలో ధాతు పేటికలు దొరికాయి. వాటిమీది శాసనాలు మన ప్రాంతంలో దొరికిన అతి పాత రాతల్లో కొన్ని.

పంచుకోవడమూ పాత పద్ధతే. గాంధీజీ అస్థికలను దేశమంతటా ఎన్నో చోట్ల కలిపారు. 1948లో హైదరాబాద్‌లో మూసీ, ఈసీ కలిసే లంగర్‌హౌస్ సంగమంలో కూడా కలిపారు, అదే ఇప్పటి బాపూఘాట్. నెహ్రూ తన వీలునామాలో పిడికెడు గంగలో కలపమని, ఎక్కువ భాగాన్ని విమానం నుంచి రైతులు శ్రమించే పొలాల మీద చల్లమని రాశారు. ఇంట్లో రెండు అభిప్రాయాలుంటే కొంచెం బీచుపల్లిలో, మిగతాది వనంలో అన్న రాజీ అందరినీ నిలబెడుతుంది. నేనైతే నదికి వెళ్లేవాళ్లను తప్పుపట్టను. కృష్ణా గోదావరులను పాడుచేస్తున్నది మురుగూ ఫ్యాక్టరీ వ్యర్థాలే, ఒక ఇంటి పిడికెడు బూడిద కాదు.

క్రైస్తవుల్లో దహనం ఎంచుకునేవాళ్లకు ఒక సంగతి. కేథలిక్ చర్చి 1963లో దహనానికి అనుమతిచ్చింది. 2016లో మాత్రం అస్థికలను గాలిలోనో నీటిలోనో వెదజల్లకుండా పవిత్ర స్థలంలో ఉంచాలని చెప్పింది. వనంలో ఒక భాగాన్ని ఆశీర్వదించి అక్కడ మట్టిలో ఉంచే ఏర్పాటుంటే వాళ్లకూ చోటు దొరుకుతుంది. ముస్లింలు, లింగాయతులు, తెలంగాణలో ఇంకా ఎన్నో కులాలవాళ్లు శరీరాన్నే మట్టి చేస్తారు. వాళ్ల అవసరం వేరు, వాళ్ల స్థలాల కొరత వేరే సమస్య. అస్థికల వనం దానికి జవాబు చెప్పలేదు.

పిట్ట ముట్టాలంటే పిట్ట ఉండాలి

మన కర్మకాండలోనే జీవజాలానికి ఒక పాత్ర ఉంది. మూడో రోజు పిట్టకు పెడతాం. కాకి వచ్చి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తాం, రాకపోతే చనిపోయినవారికి ఏ కోరిక మిగిలిపోయిందోనని బాధపడతాం. కాంక్రీటు మధ్య ఇరుక్కున్న శ్మశానాల్లో ఆ ఎదురుచూపు గంటలకు సాగుతోంది. అది పోయినవారి అలక అనుకుంటాం. చుట్టూ కాకి గూడు పెట్టుకోవడానికి పెద్ద చెట్టు లేకపోవడం కూడా అందుకు కారణమే.

పక్షి పోతే ఆచారం ఎలా కూలిపోతుందో సికింద్రాబాద్ పార్సీలకు బాగా తెలుసు. పార్శీగుట్టకు ఆ పేరు రావడానికి కారణం అక్కడి దఖ్మాలు, అంటే శరీరాన్ని ఉంచే గుండ్రటి కట్టడాలు. శరీరాన్ని రాబందులకు అప్పగించడం వాళ్ల ధర్మం. 1990ల నుంచి దేశంలో ప్రధానమైన రాబందు జాతుల పక్షులు 95 శాతానికి మించి తగ్గిపోయాయి. పశువులకు నొప్పి తగ్గించడానికి వాడిన డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది. ఆ మందున్న కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చనిపోతుంది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు, అప్పటికే ఆకాశం ఖాళీ అయింది. వెయ్యేళ్లకు పైగా సాగిన ఒక సముదాయపు అంత్యక్రియలు పశువుల మందు ఒకటి వచ్చి మార్చేసింది. కాకులు, పాలపిట్టలు ఎప్పుడూ ఉంటాయిలే అన్న ధీమా నాకైతే లేదు.

మరి వనం ఎలా ఉండాలి? మొదట వదిలించుకోవాల్సింది, వనమంటే సందులేకుండా చెట్లు నాటడమే అన్న ఆలోచన. హైదరాబాద్ నేల స్వభావం వేరు. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు, వాటి మధ్య పలుచని ఎర్రమట్టి, ముళ్ల పొదలు, మధ్యమధ్య గడ్డి, అక్కడక్కడా పెద్ద చెట్టు. తీతువు పిట్ట గుడ్లు పెట్టేది ఖాళీ నేల మీద. కౌజులు, కుందేళ్లు దాక్కునేది గడ్డిలో. ఉన్న గడ్డిని దున్నేసి గజానికో మొక్క నాటితే వీటన్నిటినీ వెళ్లగొట్టినట్టే. సగం స్థలం గడ్డికీ రాళ్లకీ వదలాలన్నది నా పట్టుదల.

నాటేవి ఈ నేలకు తెలిసిన చెట్లయితే నీళ్ల ట్యాంకర్ల అవసరం రెండు మూడేళ్లలో తీరిపోతుంది. మోదుగ ఎండాకాలం ముందు ఎర్రగా పూసినప్పుడు తేనెపిట్టలు, గోరింకలు దానిమీదే ఉంటాయి. రేల, తంగేడు ఆకుల మీద పసుపుపచ్చ సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. జమ్మి, వేప, తునికి, రేగు, ఇప్ప ఉండాలి. ఒకటో రెండో మర్రి, రావి, మేడి ఉంటే వాటి పళ్లకు కోయిలలు, గబ్బిలాలు వస్తాయి. వాటి వేళ్లు దూరం పాకుతాయి కాబట్టి గోడలకు దూరంగా పెట్టాలి. ఎండిన చెట్టును కొట్టేయకూడదు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట గూడు పెట్టేది మానుల తొర్రల్లోనే. పుట్టలను చదును చేయకూడదు, నాగులచవితికి ఎటూ పాలుపోసేవాళ్లు వస్తారు. రాళ్ల కుప్పల్లో తొండలు, ముంగిసలు ఉంటాయి, వాటినీ కదపొద్దు.

వద్దనుకోవాల్సినవాటిలో మొదటిది లాన్. బోరు నీళ్లు పోసి పెంచే ఆ పచ్చదనంలో పిచ్చుకకు గింజ కూడా దొరకదు. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును రోడ్ల వెంట విపరీతంగా నాటి, తర్వాత నాటొద్దని చెప్పాల్సి వచ్చింది. దాన్ని లోపలికి రానీయకూడదు. సర్కారు తుమ్మ, లాంటానా ఉంటే ఒక్కసారిగా జేసీబీతో పీకించకుండా, పిట్టల గూళ్లు చూసుకుంటూ విడతలుగా తీయాలి. రాత్రంతా వెలిగే ఫ్లడ్ లైట్లు గుడ్లగూబలకూ గబ్బిలాలకూ ఇబ్బంది. గేటు దగ్గర ఒక్క లైటు సరిపోతుంది. వీధికుక్కలు రాకుండా కంచె కావాలి, ముంగిస దూరేంత సందు మాత్రం ఉంచాలి.

గడ్డి కోత దగ్గరే చాలా మంచి స్థలాలు చెడిపోతాయి. కమిటీలో ఎవరికో అది చిందరవందరగా కనిపిస్తుంది, వానాకాలంలోనే మెషిన్‌తో కోయిస్తారు. మన గడ్డి జూన్‌లో మొలిచి, వానలు వెనకబట్టాక గింజ రాలుస్తుంది. ఆ గింజ రాలాక, డిసెంబర్ తర్వాత సగం స్థలంలో కోయాలి, మిగతా సగం వచ్చే ఏడు. ఎండుగడ్డికి నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి శివరాత్రి లోపు దారుల వెంట, కంచె వెంట నిప్పు ఆగే పట్టీ చేసుకోవాలి. కోసిన గడ్డిని అక్కడే వదలకుండా బయటికి, పశువులున్నవాళ్లకు ఇచ్చేయాలి. అస్థికలతో, కంపోస్టుతో నేలలో సారం పెరిగే కొద్దీ ముందు విజృంభించేది వయ్యారిభామ. గడ్డి తీసుకెళ్తే ఆ సారం కొంత తగ్గుతుంది, సన్నని పూలగడ్డి జాతులకు చోటుంటుంది.

పిండం, నైవేద్యం పెట్టడానికి ఒకే ఒక రాతి అరుగు ఉండాలి. సాయంత్రానికి దాన్ని కడగాలి. చెట్టుకో విస్తరి పెడితే కాకుల కంటే ముందు కుక్కలు, ఎలుకలు వస్తాయి, నేలమీద గుడ్లు పెట్టే పిట్టలకు అవే శత్రువులు. పూలదండలు దారంతో సహా నూలువే అయితే పర్వాలేదు. ప్లాస్టిక్ దండ, ఫ్లెక్సీ, ఫొటో ఫ్రేము లోపలికి రాకూడదు. ఈ నియమాన్ని దుఃఖంలో ఉన్నవాళ్లకు గేటు దగ్గర చెప్పడం కఠినంగా ఉంటుంది. పేరు నమోదు చేసుకున్న రోజే చెప్పి సంతకం తీసుకోవడం మర్యాద.

నేల ఎవరిది

శంషాబాద్, చేవెళ్ల, షాద్‌నగర్ వైపు వెళ్తే చెలకల్లో టైల్స్ వేసిన సమాధులు కనిపిస్తాయి. తాత సంపాదించిన పొలంలోనే తాతను ఉంచుకోవడం తెలంగాణలో ఉన్న ఆచారం. పొలం అమ్ముడుపోయి ప్లాట్లయితే ఆ సమాధి అందరికీ ఇబ్బందే. కొన్నవాడు జరపమంటాడు, అమ్మినవాడు తలదించుకుంటాడు. సొంత నేల ఉన్నంత మాత్రాన సమాధికి శాశ్వతత్వం రాదని ఇవి చూస్తే తెలుస్తుంది. పదిమంది పేరున ఉన్న నేలను మాత్రం ఎవరో ఒకరు అవసరానికి అమ్మేయలేరు. పాతబస్తీలో నాలుగు శతాబ్దాల నాటి దాయిరా మీర్ మోమిన్ ఇప్పటికీ నిలిచి ఉండటానికి కారణం అది ఒక సముదాయానిది కావడమే.

ఎంత నేల కావాలో లెక్క చూద్దాం. ఎకరమంటే 4,840 గజాలు. సగం గడ్డికీ రాళ్లకీ దారులకీ పోగా, మనిషికి గజం చొప్పున ఇచ్చినా సుమారు 2,400 మందికి చోటుంటుంది. శరీరాన్ని పూడ్చాలంటే ఒక్కరికే రెండు గజాలకు పైగా కావాలి. మనిషికి రెండున్నర కిలోల చొప్పున ఆ ఎకరంలో చివరికి చేరే బూడిద 6 టన్నులు. అందుకే పైన చెప్పిన కంపోస్టు, పరచడం, చోటు మార్చడం అన్నవి ఐచ్ఛికం కావు. ఏ గజంలో ఎవరున్నారో పటం మీద రాసుకుంటూ, ఒక మూల నిండాక పదేళ్లో పదిహేనేళ్లో దాన్ని కదపకుండా వదిలేయాలి.

స్థలం ఎంచుకునేటప్పుడు కొన్ని చోట్లను మొదటే కొట్టేయాలి. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు నిలిచే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ వదలాల్సిన నేల) వద్దు, నీటి కోసమూ వద్దు, కూల్చివేతల భయం కోసమూ వద్దు. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, కొనుగోలు చెల్లదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు. వాటికి నీరొచ్చే వాగుల పక్కన పెట్టకపోవడమే ధర్మం. కేబీఆర్ పార్కు, మృగవని లాంటివి జాతీయ ఉద్యానాలు, అక్కడ రహస్యంగా చల్లి రావడం వన్యప్రాణుల మీద ప్రేమ అనిపించుకోదు. పట్టా వ్యవసాయ భూమి అయితే వేరే అవసరానికి వాడటానికి నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చే అనుమతి) సంగతి రెవెన్యూ వాళ్లతో ముందే తేల్చుకోవాలి. భూమి ఒక వ్యక్తి పేరున ఉండకూడదు. ధార్మిక ట్రస్టు దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయడమో, 2001 సొసైటీల చట్టం కింద సొసైటీగా నమోదు కావడమో చేయాలి. అమ్మడానికి, తాకట్టుకు, కట్టడాలకు వీల్లేదని అందులోనే రాయాలి. ప్రతి కుటుంబం ఒకసారి కట్టే సొమ్ములో సగమైనా ముట్టకుండా బ్యాంకులో వేసి, వడ్డీతో కాపలా, గడ్డి కోత నడపాలి. ఏటేటా చందా అడిగే పద్ధతి రెండో తరంలో ఆగిపోతుంది.

కొత్తగా భూమి కొనక్కర్లేని దారి కూడా ఉంది. పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం కింద తెలంగాణలో దాదాపు అన్ని గ్రామ పంచాయతీల్లో వైకుంఠధామాలు, అంటే శ్మశానవాటికలు, కట్టారు, పల్లె ప్రకృతి వనాలు పెంచారు. నగరం చుట్టుపక్కల ఊళ్లలో రెండిటికీ కేటాయించిన నేల ఉంది. వైకుంఠధామంలో ఖాళీగా ఉన్న భాగాన్ని గ్రామసభ తీర్మానంతో అస్థికల వనంగా మార్చుకుంటే పని మొదలైనట్టే. నాకు అన్నిటికంటే ఆశ కలిగించే మార్గం ఇదే.

ఒప్పుకోనివాళ్లు అడిగేవి

మా కాలనీలో ఈ మాట ఎత్తితే మొదట వచ్చే ప్రశ్న "ఇళ్ల పక్కన శ్మశానమా?" అని. ఇక్కడ శవం రాదు, పొగ రాదు. ఎప్పుడో ఒక ఉదయం పదిమంది వచ్చి, మట్టి తవ్వి, దీపం పెట్టి వెళ్తారు. ఆ సంగతి చెప్పి ఒప్పించవచ్చు.

రెండోది పేరు. సమాధి లేకపోతే మనిషిని మరిచిపోయినట్టే అని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ న్యాయమైనదే, అందుకే స్వీడన్ పద్ధతి మనకు నప్పదన్నాను. ప్రతి గజానికీ గ్రానైట్ పలక పెడితే పదేళ్లలో వనం మళ్లీ శ్మశానమవుతుంది. గేటు దగ్గరున్న ఒక సహజమైన గుండు మీద పేర్లు చెక్కించడం, లోపల చిన్న అంకె, పటంలో వివరాలు, ఇంతవరకు అయితే రెండు వైపులవాళ్లూ సర్దుకోగలరు.

మూడోది ఎవరూ పైకి అడగరు. ఈ వనంలో ఎవరి పక్కన ఎవరుంటారు? మన ఊళ్లలో కులానికో శ్మశానం ఉంది, నగరంలోనూ చాలా బస్తీల్లో అంతే. వనాన్ని సముదాయానిది అని పిలిచి, దరఖాస్తులో కులం గడి పెడితే అంత మంచి పనీ మొదటిరోజే చెడుతుంది. చోటు వరసలో ఎవరు ముందు వస్తే వాళ్లకు, మూలలు కొనుక్కోవడం లేదు, దస్తావేజులోనే ఈ వాక్యం ఉండాలి. కులం మాట ఎందుకు, మంచి పని మంచిగా సాగనివ్వండి అని సర్దిచెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. దీన్ని తర్వాత చూద్దామంటే కుదరదు.

ఆడవాళ్ల విషయం ఒకటి ఉంది. చాలా కుటుంబాల్లో వాళ్లు శ్మశానానికి వెళ్లరు. మా నాన్న దహనమైన చోటును మా అమ్మ ఇంతవరకు చూడలేదు. నదికి కూడా మగవాళ్లే వెళ్లి వచ్చారు. చెట్లున్న ఒక చోటుంటే ఏ వారమో వెళ్లి కాసేపు కూర్చునేది. వనానికి అనుకూలంగా వినిపించే పర్యావరణ వాదనలన్నీ కలిపినా నాకు దీనంత బలంగా అనిపించవు.

ఇప్పుడే ఇంట్లో కుండ ఉన్నవాళ్లకు

హైదరాబాద్‌లో అలాంటి వనం చేతికందేదాకా ఆగలేని కుటుంబాలుంటాయి. ఊళ్లో సొంత చెలక ఉంటే, అమ్మే ఆలోచన లేని మూల ఒకటి చూసుకోండి. బావికి, వాగుకు దూరంగా, వాన నీరు నిలవని మెరక కావాలి. ఎదిగిన వేపో మోదుగో ఉంటే దాని కొమ్మల అంచు కింద, మొదలుకు కనీసం ఐదారు అడుగుల దూరంలో తవ్వండి. లోహం ముక్కలు ఏరేసి, రెండు మూడు తట్టల మాగిన ఎరువు, తవ్విన మట్టి కలిపి గజం మేర పరిచి పైన మట్టి కప్పండి. కుండను కడిగి పక్షులకు నీళ్లు పెట్టుకోవచ్చు, పగలగొట్టే ఆచారముంటే పెంకులు ఏరి బయట వేయండి. పేరున మొక్క నాటాలనుకుంటే నాటండి, అయితే ఆ పరిచిన చోట వద్దు. కాస్త దూరంలో, వాన పడ్డాక నాటి, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోయండి.